విశాఖలో ఒక స్మారక శిల మీద ఎవరిని తలచుకోవాలి, ఏ మాట చెక్కించాలి?

ప్రశ్న: విశాఖపట్నం నుంచి ఒక ఉపాధ్యాయిని

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. మా పేటలోని చిన్న గ్రంథాలయం ఆవరణలో, యుద్ధాల వల్ల చనిపోయిన మామూలు మనుషుల జ్ఞాపకంగా ఒక రాతిపలక నిలబెట్టాలని మేము కొందరం నిశ్చయించుకున్నాం. రాయి సమకూరింది, చెక్కడానికి శిల్పి కూడా ఒప్పుకున్నారు. అయితే ఆ రాయి మీద ఎవరిని తలచుకోవాలి, ఏ మాట చెక్కించాలి అన్న దగ్గర మూడు నెలలుగా ఆగిపోయి ఉన్నాం. ఇక్కడ ఉత్తరాంధ్ర చరిత్ర తెలిసినవారు, పరదేశాల్లో స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు కాబట్టి విషయాన్ని మీ ముందు పెడుతున్నాను.

1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద, మూడు రోజుల తర్వాత ట్రింకోమలీ మీద దాడులు జరిగాయి. ఆ వారంలోనే బంగాళాఖాతంలో 20కి పైగా వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. మన రేవు తెరిచి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. పడిన బాంబులు కొద్దిపాటివే అయినా ఊరు మాత్రం చాలావరకు ఖాళీ అయిపోయిందని, బండి దొరికినవారు బండి మీద, దొరకనివారు పిల్లల్ని చంకనెత్తుకొని నడుస్తూ బంధువుల పల్లెలకు తరలిపోయారని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు.

గత సంవత్సరం పిల్లల్ని సాగరతీరానికి తీసుకువెళ్లాను. కురుసుర జలాంతర్గామిని, 1971 యుద్ధ విజయ స్మారకాన్ని చూసి, విశాఖ మ్యూజియంలో ఉన్న జపాన్ బాంబు దగ్గరకు వచ్చాం. దాని బరువెంత, ఎంత ఎత్తు నుంచి వేస్తారు, ఎందుకు పేలలేదు అని పిల్లలు వరసగా అడిగారు. పేలిన బాంబులు ఎవరి మీద పడ్డాయని ఒక్కరూ అడగలేదు. వారు అడగనందుకు కాదు నాకు బాధ కలిగింది. అడిగి ఉంటే ఒక్క పేరు కూడా చెప్పలేకపోయేదాన్ని కదా అని. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో చరిత్ర పాఠం చెబుతున్న మనిషిని నేను.

రాయి ఆలోచన అప్పటిది. మాలో అభిప్రాయభేదాలు కూడా అప్పటినుంచే ఉన్నాయి. ఆ ఏప్రిల్ 6 నాటి మృతులకే పరిమితం కావాలని ఒకరు అంటారు. అదే సంవత్సరం బర్మా నుంచి కాలినడకన వస్తూ దారిలో చనిపోయిన మనవాళ్లను వదిలేస్తే ఆ రాయికి అర్థమే లేదని మరొకరు అంటారు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ అర్ధరాత్రి మన తీరానికి దగ్గరలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో 90 మందికి పైగా నావికులు చనిపోయారు, వారు నేటికీ మన సముద్రం అడుగునే ఉన్నారు, వారిని కూడా తలచుకోవాలని నేను అన్నాను. ఆ రోజు సమావేశం అక్కడితో ముగిసిపోయింది.

ఇక చెక్కవలసిన మాట సంగతి. “శాంతి వర్ధిల్లాలి” అని రాస్తే చాలునని ఎక్కువమంది అన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ అది గోడ మీద రాసే నినాదంలా ఉంది తప్ప, చనిపోయినవారితో మాట్లాడే మాటలా లేదు. మీలో ఎవరి కుటుంబాలకైనా ఈ మరణాలతో సంబంధం ఉంటే, లేదా ఇటువంటి స్మారకాలను దగ్గరగా చూసి ఉంటే, దయచేసి వివరంగా రాయండి.

సమాధానం: శ్రీకాకుళం జిల్లా నుంచి

టీచర్ గారూ, మీ ప్రశ్న చదివిన రాత్రే రాయాలని కూర్చొని, రాయలేక రెండు రోజులు ఆగాను. మాది రంగం పోయినవారి కుటుంబం. మా వైపు రంగూన్ అని పెద్దలెవరూ అనరు, రంగం అనే అంటారు. వర్షం లేని ఏడాది వస్తే ఇంటికొకరు రంగం ఓడ ఎక్కడం మా ఊళ్లలో అంత మామూలు విషయం. రేవులో మూటలు మొయ్యడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, ఇవే మనవాళ్ల బతుకుతెరువులు. మేస్త్రీ ముందుగా ఇచ్చిన బయానా తీరేసరికే ఏడాది గడిచిపోయేది. అక్కడివాళ్లు మనల్ని కొరంగీలు అని పిలిచేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు అట్లా ఒక జాతి పేరయింది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. తలదాచుకోవాలని తెలియక వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూస్తున్న జనం మీద అవి పడ్డాయి. చనిపోయినవారిలో రేవు కూలీలు చాలామంది. 1942 మార్చి 8న నగరం జపాన్ చేతికి చిక్కింది. ఆ కొద్ది నెలల్లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచి బయలుదేరారు. డబ్బున్నవారికి ఓడలు దొరికాయి, కొందరు పెద్దలకు విమానాలు కూడా దొరికాయి, మిగిలినవారు నడిచారు. ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి ఒక దారి, తాము అనే సరిహద్దు ఊరి మీదుగా మణిపూర్‌కు ఒక దారి, ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా లెడోకు మరొక దారి. తెల్లవారికి, ఆంగ్లో ఇండియన్లకు మంచి దారి, మంచి శిబిరాలు. కూలీలకు వేరే దారి. ఎందరు చనిపోయారో లెక్క పెట్టినవారు లేరు. చరిత్రకారుల అంచనాలు పదివేల దగ్గర మొదలై లక్ష దాకా పోతాయి. పదివేలకూ లక్షకూ మధ్య ఎంత దూరముందో చూడండి, మన మనుషులను ఎంత లెక్కలోకి తీసుకున్నారో తెలుస్తుంది.

మా ముత్తాత రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. ఆయన, ఆయన తమ్ముడు ప్రోమ్ దాకా కలిసి వచ్చి, టాంగప్ కనుమలోకి దిగారు. మూడో రోజున మా ముత్తాతకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తమ్ముడు ఆయన్ను ఒక చెట్టు మొదట కూర్చోబెట్టి నీళ్ల కోసం వెళ్లాడు. వాగు దగ్గర జనం మీద జనం పడి ఉన్నారు. నీళ్లు పట్టుకొని తిరిగి వచ్చేసరికి చీకటి పడింది, అన్నీ ఒకే తీరు చెట్లు, ప్రతి చెట్టు కిందా మనుషులు. ఆ రాత్రంతా పేరు పెట్టి పిలుస్తూ తిరిగాడట. తెల్లవారాక కూడా కనపడలేదు. అక్యాబ్ చేరి, చిట్టగాంగ్ ఓడ ఎక్కి, మూడు నెలలకు ఊరు చేరుకున్నాడు. వదినకు ఏం చెప్పాలో తెలియక, అన్న వెనక వస్తున్నాడని చెప్పాడు. నిజం చెప్పడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది.

మా ముత్తవ్వ ఆ నిజాన్ని ఒప్పుకోలేదు. మా వైపు పెద్దపండక్కి చనిపోయిన పెద్దలకు కొత్తబట్టలు పెడతాం. ఆమె ప్రతి సంక్రాంతికీ అత్తమామలకు పెట్టేది, భర్తకు పెట్టేది కాదు. పెడితే చనిపోయినట్టు తానే చెప్పినట్టవుతుందని ఆమె భయం. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చాక, ఆస్తులూ కొలువులూ పోగొట్టుకున్న భారతీయులు మళ్లీ ఓడల్లో వచ్చారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలసింది ఆ కాలంలోనే. ఓడ వచ్చిందని విన్నప్పుడల్లా ఆమె మా తాతను విశాఖ రేవుకు పంపేది. ఆయన వెళ్లి, ఊరి పేరు, మనిషి పేరు చెప్పి, దిగినవారినల్లా అడిగి వచ్చేవాడు. ఓడలు రావడం ఆగిపోయిన ఏడాది సంక్రాంతికి, ఎవరికీ చెప్పకుండా, ఆమె ఒక పంచె కొని తెచ్చి పెద్దల దగ్గర పెట్టింది. అంటే ఆయన చావు మా ఇంట్లో పాతికేళ్ల పాటు జరిగింది.

అందువల్ల నా మనవి ఒక్కటే. ఏప్రిల్ 6 నాడు ఊళ్లో పడిన బాంబునూ బర్మా దారినీ విడదీయకండి. రెండూ ఒకే యుద్ధం, ఒకే వసంతకాలం. పేర్లు దొరికితే పేరు పక్కన ఊరి పేరు కూడా రాయండి. మా ముత్తాతకు సమాధి లేదు, తిథి లేదు, ఫోటో లేదు. ఊరొకటే ఉంది.

సమాధానం: మలేషియా, పేరాక్ రాష్ట్రం నుంచి

పై సమాధానం మా అమ్మకు చదివి వినిపించాను. మా కథ కూడా అదే సంవత్సరాలది, కాకపోతే మరొక దిక్కున జరిగింది. మా పూర్వీకులు విశాఖపట్నం జిల్లా నుంచి మలయా తోటలకు వచ్చినవారు. రబ్బరు, కొబ్బరి తోటల్లో తమిళుల సంఖ్యతో పోలిస్తే తెలుగువారు తక్కువ. అయినా కొన్ని తోటల్లో లైన్ ఇళ్లన్నీ మనవాళ్లవే ఉండేవి.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయిన తర్వాత రబ్బరు కొనేవారు లేక తోటలు మూతపడ్డాయి. కూలీ లేదు, బియ్యం లేదు. ఆ ఆకలి మీదనే సయాం, అంటే నేటి థాయిలాండ్, రైలు పనికి మనుషుల్ని పోగుచేశారు. మూడు నెలల పని, మంచి కూలి, తిండి అని మొదట ఆశ చూపారు. వెళ్లినవారు తిరిగి రాకపోవడంతో జనం జంకితే, తర్వాత తోటల మీద పడి పట్టుకుపోయారు. థాయిలాండ్‌లోని బాన్ పోంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్ల రైలుమార్గాన్ని, కొండలూ అడవులూ కొట్టుకుంటూ, జపాన్ సైన్యం 1943 అక్టోబరు నాటికి, అంటే ఏడాదికి కాస్త పైబడిన కాలంలో పూర్తి చేయించింది. అందులో 60,000 మందికి పైగా మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు పనిచేస్తే సుమారు 12,000 మంది చనిపోయారు. ఆసియా కూలీలు, అంటే తమిళులు, తెలుగువారు, మలయులు, బర్మీయులు, జావావారు, దాదాపు 1,80,000 మందికి పైగా పనిచేస్తే సుమారు 90,000 మంది చనిపోయారని అంచనా. 1943 వర్షాకాలంలో కలరా సోకినప్పుడు కూలీల శిబిరాలు శిబిరాలుగా తుడిచిపెట్టుకుపోయాయి.

నేను కాంచనబురికి రెండుసార్లు వెళ్లాను. అక్కడి యుద్ధ శ్మశానంలో దాదాపు 7,000 సమాధులు ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద కంచు ఫలకం, దాని మీద పేరు, వయసు, దళం. పచ్చగడ్డి ఎప్పుడూ కత్తిరించి ఉంటుంది. ఆ ఫలకాలను చదువుతూ ఇరవై రెండేళ్లు, పంతొమ్మిదేళ్లు అని వయసులు చూస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లలకు దక్కిన గౌరవం మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. కానీ మనవాళ్ల కోసం వెతికితే ఏమీ దొరకలేదు. 1990లో అదే ఊళ్లో చెరకు తోట నేలలో కూలీల సామూహిక సమాధి బయటపడింది. అప్పటిదాకా వారు ఎక్కడున్నారో కూడా ఎవరూ అడగలేదు.

ఈ తేడా ఎందుకు వచ్చిందో నేను చాలాకాలం ఆలోచించాను. ఖైదీల మధ్య అధికారులు ఉన్నారు, వైద్యులు ఉన్నారు. చనిపోయినవారి జాబితాలను వారు ప్రాణాలకు తెగించి దాచారు. యుద్ధం ముగిసిన వారాల్లోనే ఆ జాబితాలు పట్టుకొని ఒక బృందం రైలుదారి వెంట వెళ్లి సమాధులను గుర్తించింది. మనవాళ్లకు జాబితా రాసేవారు లేరు. చాలామందికి రాయడం రాదు. వచ్చినవారికి కాగితం లేదు. తోట చిట్టాలో మాత్రం “పని నుంచి వెళ్లిపోయాడు” అని ఉండి ఉంటుంది. జ్ఞాపకానికి ప్రేమ ఒక్కటే చాలదు, ఒక పుస్తకం, ఒక కలం కూడా కావాలని నాకు అక్కడే తెలిసింది. టీచర్ గారూ, మీ దగ్గర పిల్లలున్నారు. రాయి చెక్కించే ముందు వారి చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, తాతల ఇళ్లకు పంపండి.

మరొక మాట. మన నేలమీద వీరగల్లులు వేలాదిగా ఉన్నాయి. ఆవుల మందను కాపాడుతూ చనిపోయినవాడికి, ఊరి కోసం పోరాడినవాడికి మన పూర్వీకులు రాయి నిలబెట్టారు. కారెంపూడిలో పల్నాటి వీరులకు ఇప్పటికీ ఏటా ఆరాధన జరుగుతుంది. పోరాడి చనిపోయినవాడిని తలచుకోవడం మనకు తెలుసు. కలరా వచ్చి, పార చేతిలోనే ఉండగా, ఎవరి యుద్ధమో తెలియకుండా చనిపోయినవాడికి రాయి నిలబెట్టడం మనకు కొత్త. మీరు చేస్తున్నది ఆ కొత్త పని.

సమాధానం: తాడేపల్లిగూడెం నుంచి

చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. కొన్ని చోట్ల ఏకీభవించలేకపోతున్నాను, అందుకే రాస్తున్నాను.

మాది మాధవరం పక్క ఊరు. మాధవరం సంగతి చాలామందికి తెలుసు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ, తర్వాత కూడా, ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన ఊరు. మా తాత రెండవ ప్రపంచ యుద్ధంలో మణిపూర్ సరిహద్దులో సైనిక లారీ నడిపాడు. యుద్ధం గురించి ఆయన మాట్లాడేవాడు కాదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాడు. 1944లో మన సైన్యం తిరిగి బర్మా వైపు కదిలినప్పుడు, తాము ఊరి దగ్గర దారి పక్కన, పాడుబడిన గుడిసెల్లో, రెండేళ్ల కిందట నడిచి వచ్చినవారి ఎముకలు అలాగే ఉన్నాయి. కొన్ని చోట్ల కుటుంబం మొత్తం ఒక్కచోటే. ఒక వంట గిన్నె చుట్టూ పెద్ద ఎముకలు, చిన్న ఎముకలు కలిసి కనిపించాయని చెప్పి, మా తాత ఇక మాట్లాడలేకపోయాడు. కాబట్టి సైనికుణ్ణి ఒకవైపు, బాధితుణ్ణి మరొకవైపు నిలబెట్టకండి. ఆ ఎముకలకు మట్టి వేసినవారు సైనికులే. ఘాజీ నావికుల విషయంలో నేను టీచర్ గారి పక్షమే. సముద్రంలో మునిగినవాడు ఏ జెండా కింద మునిగినా, అతని ఇంట్లో కూడా ఒక ముత్తవ్వ ఉండే ఉంటుంది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. స్మారకాల మీద “ప్రాణాలు కోల్పోయారు”, “అసువులు బాసారు” అని రాస్తారు. ప్రాణాలను వారు ఎక్కడో పోగొట్టుకోలేదు. బాంబు వేసిన దేశం ఉంది, రైలు పట్టాల కోసం మనుషుల్ని చంపిన సైన్యం ఉంది, కూలీలను నడిదారిలో వదిలేసి తన మనుషులను మాత్రం తరలించుకున్న ప్రభుత్వం ఉంది. శాంతి పేరుతో కర్తను తీసేసి క్రియను మాత్రం రాస్తే, అది చనిపోయినవారికి రెండో అన్యాయం అవుతుంది. చేసినవారి పేరు రాయడం పగ కాదు. అది చరిత్ర. మీరు పిల్లలకు చరిత్రే కదా చెబుతున్నారు.

సమాధానం: కొంతకాలం హిరోషిమాలో ఉన్న ఒక సభ్యుడు

తాడేపల్లిగూడెం నుంచి రాసిన పెద్దమనిషి లేవనెత్తిన ప్రశ్న చిన్నది కాదు. సరిగ్గా ఇదే ప్రశ్న మీద హిరోషిమాలో చాలాకాలం వివాదం నడిచింది, దాన్ని లేవనెత్తినవారు ఒక భారతీయుడు. ఉద్యోగరీత్యా ఆ నగరంలో తొమ్మిదేళ్లు ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు పడిన బాంబు వల్ల ఆ ఏడాది చివరికి సుమారు 1,40,000 మంది చనిపోయారు. 1952లో అక్కడి శాంతి ఉద్యానంలో స్మారక కమాను కట్టి, దాని కింద రాతి పేటికలో మృతుల పేర్ల పుస్తకాలు ఉంచారు. ఆ రాతి మీద చెక్కిన వాక్యాన్ని హిరోషిమా విశ్వవిద్యాలయ ఆచార్యులు సైకా తదయోషి రాశారు; ఆయన కూడా ఆ బాంబు దాడికి గురై బతికినవారే. దాని భావం ఇది: ప్రశాంతంగా నిద్రించండి, ఆ తప్పు మళ్లీ చేయం. జపాన్ భాషలో ఆ వాక్యానికి కర్త లేదు. క్రియను బట్టి కూడా ఎవరన్నది తెలియదు.

అదే సంవత్సరం నవంబరులో న్యాయమూర్తి రాధావినోద్ పాల్ అక్కడికి వచ్చారు. టోక్యో యుద్ధనేరాల విచారణలో మిగిలిన న్యాయమూర్తులతో విభేదించి, నిందితులందరూ నిర్దోషులని భిన్న తీర్పు రాసిన బెంగాలీ ఆయన. ఆ వాక్యం అర్థం తెలుసుకొని ఆయన తీవ్రంగా బాధపడ్డారు. బాంబు వేసింది జపాన్‌వారు కాదు కదా, మరి ఈ తప్పు ఎవరిది, ఎవరు ఎవరికి క్షమాపణ చెబుతున్నారు అని అడిగారు. దానికి సైకా ఇచ్చిన సమాధానం ఏమిటంటే, ఆ రాతి ముందు నిలబడి చదివే ప్రతి మనిషీ ఆ వాక్యానికి కర్తే అని. హిరోషిమా నగరం ఆ వివరణనే స్వీకరించింది. వాక్యాన్ని మార్చాలని తర్వాత కూడా చాలామంది కోరారు, మార్చలేదు.

ఆ వాక్యాన్ని తెలుగు చేయాలని నేను చాలాసార్లు ప్రయత్నించాను. “చేయం” అనగానే మన భాషలో కర్త బయటపడిపోతుంది. అయితే ఆ కర్త “మేమా”, “మనమా” అన్నది మాత్రం “చేయం” అన్న క్రియ చెప్పదు. “మేము చేయం” అంటే వినేవాడిని పక్కన పెట్టి చెబుతున్నట్టు. “మనం చేయం” అంటే చదివేవాడినీ, చనిపోయినవాడినీ, చివరకు చంపినవాడి పిల్లలనూ కలుపుకొని చెబుతున్నట్టు. లోకంలో చాలా భాషలకు లేని ఈ రెండు మాటలు మనకున్నాయి. సైకా చెప్పదలచుకున్నది “మనం”. పాల్ విన్నది “మేము”. నాకు ఆ వివాదమంతా ఈ రెండు మాటల మధ్య దూరంగానే కనిపిస్తుంది.

అయితే “మనం” అన్న మాట తేలికగా వాడదగింది కాదని కూడా హిరోషిమాలోనే తెలుసుకున్నాను. బాంబు పడ్డప్పుడు ఆ నగరంలో వేలమంది కొరియన్లు ఉన్నారు. వలస పాలనలో పని కోసం వచ్చినవారు, బలవంతంగా తెచ్చినవారు. వారి జ్ఞాపకంగా 1970లో ఒక స్తూపం నిర్మిస్తే, అది శాంతి ఉద్యానం బయట, నది అవతల ఉండవలసి వచ్చింది. లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. శాంతి నగరంలో కూడా, బాధితుల మధ్య కూడా, “మనం” అన్న మాట 29 ఏళ్ల పాటు ఒక నదిని దాటలేకపోయింది. అందుకే తాడేపల్లిగూడెం మిత్రుని అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. నా సలహా ఏమిటంటే, రాయి మీద రెండు వాక్యాలు ఉండాలి. మొదటి వాక్యంలో ఎవరు, ఎప్పుడు, ఎవరిని ఏం చేశారో కర్తతో సహా రాయండి. ఆ తర్వాతే, దాని కిందనే, “మనం” అని రాయండి. మొదటిది లేకుండా రెండోది రాస్తే అది దాటవేత అవుతుంది. రెండోది లేకుండా మొదటిది రాస్తే అది అభియోగపత్రంగా మిగిలిపోతుంది.

పేర్ల విషయంలో కూడా అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి ఏడాది ఆగస్టు 6న, గడిచిన సంవత్సరంలో చనిపోయిన అణుబాంబు బాధితుల పేర్లను కొత్తగా చేర్చి పుస్తకాలను మళ్లీ పేటికలో ఉంచుతారు. ఇప్పటికి ఆ పేర్లు 3,40,000 దాటాయి. పేరు తెలియనివారి కోసం విడిగా ఒక పుస్తకం ఉంది. ఆ ఒక్క పుస్తకాన్ని చూసి నేను మన తర్పణాన్ని తలచుకున్నాను. తల్లిదండ్రులు, బంధువులు, గోత్రం తెలిసినవారు ఎవరూ లేనివారందరూ ఈ నీటితో తృప్తి పొందాలని చివర్లో ఒక శ్లోకం చెప్పి నీళ్లు వదులుతాం కదా. మనకు పరిచయమైన సంస్కారమే అది.

పిల్లలతో మాట్లాడటానికి ఒక సంగతి కూడా చెబుతాను. 1943లో టోక్యోలోని ఉయెనో జంతుప్రదర్శనశాలలో, బాంబు దాడుల్లో తప్పించుకుపోతాయన్న భయంతో, మూడు ఏనుగులను తిండి పెట్టకుండా చంపారు. యుద్ధం ముగిశాక టోక్యో పిల్లలు ఏనుగు కావాలని నెహ్రూకు ఉత్తరాలు రాశారు. 1949లో ఆయన తన కుమార్తె పేరు పెట్టిన ఒక ఏనుగును ఓడలో పంపారు. విశాఖ మీద జపాన్ బాంబులు వేసి అప్పటికి ఏడేళ్లే అయింది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని నుంచి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ సమాధానాలను అచ్చు తీయించి, నిన్న గ్రంథాలయంలో పెద్దగా చదివాం. శ్రీకాకుళం సోదరుడు రాసిన పంచె సంగతి దగ్గర కొంతసేపు ఎవరమూ మాట్లాడలేకపోయాం. మా సభ్యుల్లో ఒక పెద్దావిడ, ఇన్నేళ్లలో మాకెవరికీ చెప్పనిది, తన మేనమామ కూడా రంగం నుంచి తిరిగి రాలేదని చెప్పింది. అప్పటికప్పుడు పేరు, ఊరు రాసుకున్నాం. మా పుస్తకంలో మొదటి పేరు అదే.

రెండు వాక్యాల పద్ధతిని అందరూ ఒప్పుకున్నారు. మొదటి వాక్యాన్ని ఇట్లా అనుకుంటున్నాం: “1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేసి చంపినవారు, అదే ఏడాది బర్మాలోని బ్రిటిష్ ప్రభుత్వం దిక్కు చూపక వదిలేయగా నడిచి వస్తూ దారిలో చనిపోయినవారు, 1943లో జపాన్ సైన్యం సయాం రైలుమార్గం కోసం పనిచేయించి చంపినవారు, వీరిలో మన ఊళ్లవారు ఉన్నారు.” వాక్యం పొడుగైందని శిల్పి అన్నారు. ఒక్క మాట కూడా తీయడం నాకు ఇష్టం లేదు. రెండోది: “ఇది మనం మళ్లీ చేయం, చేయనివ్వం.” చివరి మాట తాడేపల్లిగూడెం వారిని దృష్టిలో పెట్టుకొని చేర్చాం.

ఘాజీ విషయంలో అంగీకారం కుదరలేదు. నౌకాదళంలో పనిచేసి విరమించిన ఒక సభ్యుడు నేను చెప్పినదాన్ని కాదనలేదు కానీ, 1971లో తన స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడిగా, ఆ పేరును ఈ రాయి మీద చూడటానికి తనకు ఇంకా సమయం కావాలని అడిగారు. ఆయన్ను తొందరపెట్టే హక్కు నాకు లేదు. రాయి మీద కింద ఒక గీత పొడవున ఖాళీ వదలమని శిల్పికి చెప్పాం.

పేటలోని పిల్లలు పద్నాలుగు మంది నోటుపుస్తకాలతో ఈ ఆదివారం నుంచి తిరుగుతారు. కంచరపాలెం, గాజువాక, భీమిలి మొదటి వారం. శ్రీకాకుళం వైపు సెలవుల్లో. మీ కుటుంబాల్లో బర్మా నుంచి గాని, మలయా నుంచి గాని తిరిగి రానివారు ఉంటే, ఈ చర్చలోనే రాయండి. పేరు, ఊరు, చివరిసారి కబురు వచ్చిన సంవత్సరం, ఈ మూడు చాలు. పేరు గుర్తులేకపోతే ఊరు, వారితో బంధుత్వం రాయండి. వారి కోసం వేరే పుస్తకం పెట్టాం. వచ్చే ఏప్రిల్ 6న, గ్రంథాలయంలో, రెండు పుస్తకాలూ మొదటి నుంచి చివరి దాకా చదువుతాం.